దుప్పటి కింద చెల్లెలు

(ఒక పట్టణ శాఖా గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రం మేజిక్, మెంటలిజం గురించి చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. వెనక వరస వాళ్ళకి వినబడుతోందా? సరే. మొదలుపెట్టే ముందు నాకో పది రూపాయల బిళ్ళ కావాలి. ఎవరి దగ్గరైనా ఉందా? ముందు వరసలో బాబు ఇస్తున్నాడు. ఇలా ఇవ్వు నాన్నా. మామూలు బిళ్ళే, రెండు వైపులా చూడండి. ఎడమ చేత్తో ఇలా పట్టుకున్నాను. కుడిచేత్తో తీసుకున్నాను. ఊదాను. లేదు. ఎడమ చేతిలోనూ లేదు. ఇదిగో, నా కాలరు వెనక ఉంది. థాంక్యూ బాబూ. ఇది నా దగ్గరే ఉంచుకుంటాను, అయిపోయాక ఇస్తాను. లేకపోతే మధ్యలో లేచి వెళ్ళిపోతావు. (నవ్వులు)

నేను ఫుల్‌టైమ్ మెజీషియన్ని కాను. ముప్పై రెండేళ్ళు బ్యాంకు కౌంటర్లో కూర్చున్నవాణ్ణి. పగలు నోట్లు లెక్కపెట్టడం, సాయంత్రం పేక కలపడం. సెలవు రోజుల్లో స్కూళ్ళు, పెళ్ళిళ్ళు, వినాయకచవితి పందిళ్ళు. టీవీలో కనబడినవాణ్ణి కాదు. లైబ్రేరియన్ గారు నన్ను పిలిచింది కూడా, వేసవి సెలవుల్లో పిల్లలు మేజిక్ పుస్తకాలు అడుగుతున్నారు, నాలుగు మాటలు చెప్పండి అని.

నేను మొదటి రహస్యం కొన్నది మా ఊరి తిరునాళ్ళలో. గారడీ ఆయన ఆటంతా అయ్యాక కాగితం పొట్లాలు అమ్మేవాడు. పొట్లం రూపాయి. ఒక షరతు: ఇంటికెళ్ళాకే విప్పాలి, దారిలో విప్పితే పనిచెయ్యదు. నాకు పదకొండేళ్ళు. గట్టిగా పట్టుకుని పరిగెత్తుకుంటూ ఇంటికొచ్చి విప్పితే, అందులో ఒక గుర్రపు వెంట్రుక, కందిగింజంత మైనం. ఏడుపొచ్చింది. మోసపోయానని మా నాన్నకి చెబితే ఆయన, "అదే వెంట్రుకతో అతను గంటసేపు నిన్ను నిలబెట్టాడు కదరా" అన్నారు. అప్పుడు అర్థం కాలేదు. దారిలో విప్పొద్దనే షరతు ఎందుకో మాత్రం వెంటనే అర్థమైంది.

ఇప్పుడు కూడా పిల్లలు చేసేది ఇదే. ఆన్‌లైన్‌లో ఎనిమిది వందలు పెట్టి గిమ్మిక్ కొంటారు, పెట్టె విప్పుతారు, ఒక అయస్కాంతమో, దారమో ఉంటుంది. "ఇంతేనా" అంటారు. ఇంతే. మేజిక్‌లో ఏ రహస్యం తెలిసినా వచ్చే మొదటి మాట అదే. పెద్ద పెద్ద ఇల్యూజన్ల వెనక కూడా ఒక అద్దమో, పెట్టెకి రెండో అడుగో ఉంటుంది. రహస్యం ఎప్పుడూ చవకే. ఖరీదంతా వేరే చోట ఉంది. అది ఎక్కడుందో తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

ఇందాకటి బిళ్ళ సంగతే చూద్దాం. దీన్ని ఫ్రెంచ్ డ్రాప్ అంటారు. మేజిక్ నేర్పే ఏ పుస్తకం తీసినా మొదటి పేజీల్లోనే ఉంటుంది కాబట్టి చెప్పినందుకు మా వాళ్ళెవరూ కోప్పడరు. ఎడమచేతి బొటనవేలికీ మిగతా వేళ్ళ కొసలకీ మధ్య బిళ్ళని అడ్డంగా, పళ్ళెంలా పట్టుకుంటాం. కుడిచెయ్యి దాని మీదికి వస్తుంది, కుడి బొటనవేలు బిళ్ళ కిందినుంచి దూరుతుంది. సరిగ్గా కుడి వేళ్ళు బిళ్ళకి అడ్డమొచ్చినప్పుడు ఎడమ బొటనవేలు వదులు చేస్తాం. బిళ్ళ ఎడమ అరచేతిలోకే జారుతుంది. కుడిచెయ్యి మాత్రం బిళ్ళని తీసుకున్నట్టే గుప్పెట బిగించి పక్కకి వెళ్తుంది. అంతే. పది నిమిషాల్లో వస్తుంది.

పది నిమిషాల్లో వచ్చినదాన్ని నలుగురి ముందు చేస్తే మీ ఇంట్లో పసిపిల్ల కూడా ఎడమచెయ్యే చూపిస్తుంది. ఎందుకంటే బిళ్ళ ఉన్న చెయ్యి కర్రలా బిగుసుకుపోతుంది. ఖాళీగా ఉన్న కుడి గుప్పెట మరీ వదులుగా, గాలి పట్టుకున్నట్టుంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, మన కళ్ళు. బిళ్ళ ఎక్కడుందో మనకి తెలుసు కాబట్టి మన చూపు అక్కడికే పోతుంది. చూసేవాళ్ళు మన చేతుల్ని చూడరండీ, మన కళ్ళు ఎటు చూస్తే అటు చూస్తారు.

దీనికి మందు ఒకటే. పదిసార్లు బిళ్ళని నిజంగా కుడిచేత్తో తీసుకోండి. దొంగతనం లేదు, ఏమీ లేదు. తీసుకునేటప్పుడు మీ భుజం ఎంత కదిలింది, తల ఎటు తిరిగింది, ఎడమచెయ్యి ఏం చేసింది అని గమనించండి. నిజంగా తీసుకున్నప్పుడు ఎడమచెయ్యి ఏమీ చెయ్యదు, పని అయిపోయినట్టు కిందికి వాలిపోతుంది. పదకొండోసారి దొంగగా తీసుకోండి. ఆ పదకొండోది మొదటి పదింటిలో ఒకటిలా ఉండాలి. నాకు అలా రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. అద్దం ముందు సాధన చెయ్యమని పాత పుస్తకాల్లో రాస్తారు. అద్దంతో ఇంకో రోగం అంటుకుంటుంది. సరిగ్గా బిళ్ళ జారే క్షణానికి మనకి తెలియకుండా కళ్ళు మూసుకుంటాం. తప్పు మనం చూడకుండా మనల్ని మనమే మోసం చేసుకుంటామన్నమాట. ఇప్పుడు ఫోనులో వీడియో తీసుకునే సదుపాయం ఉంది, మా రోజుల్లో లేదు. వాడుకోండి.

అమెరికాలో వాళ్ళు అర డాలరు బిళ్ళలు వాడతారు, పెద్దవి, పట్టుకోవడానికి బాగుంటాయి. మన కొత్త రూపాయి బిళ్ళ మరీ చిన్నది, వేళ్ళ సందుల్లోంచి జారిపోతుంది. నేర్చుకోవడానికి ఈ పది రూపాయలదే నయం. ఫ్రాన్సులో రాబర్ట్ హూడిన్ అని ఒకాయన ఉండేవాడు, 1805లో పుట్టాడు, గడియారాలు బాగుచేసే ఇంటివాడు. ఆధునిక మేజిక్‌కి మూలపురుషుడంటారు. మెజీషియన్ అంటే మాంత్రికుడి వేషం కట్టిన నటుడు అని ఆయన అన్నది మా వృత్తిలో అందరికీ కంఠోపాఠం. వేళ్ళ పని అయిపోయాక మిగిలేది నటనే.

గారడీ గురించి ఒక్క మాట. స్టేజి మీద చేసేవాడికి జనం ఒకవైపే. వెనక తెర ఉంటుంది, లైట్లుంటాయి, కోటుకి జేబులుంటాయి. గారడీ ఆయనకి చుట్టూ జనం, నెత్తిన ఎండ, పొట్టి చేతుల బనీను. మూడు గిన్నెలు, నాలుగు గుడ్డ బంతులు పెట్టుకుని నేలమీద గొంతుక్కూర్చుని చేస్తాడు. వెనక నుంచి చూసే పిల్లాడికి కూడా దొరకడు. నేను స్టేజి మీద చేసేవాటిలో సగం అక్కడ చెయ్యలేను. తెలుగునాట విప్రవినోదులని ఇదే వృత్తిగా బతికినవాళ్ళున్నారు, విజయనగర కాలపు శాసనాల్లో వాళ్ళ ప్రస్తావన ఉంది. వాళ్ళెవరూ మేజిక్ పుస్తకం చదివినవాళ్ళు కాదు, తండ్రి చేతులు చూసి నేర్చుకున్నవాళ్ళు.

ఇక ఖరీదు ఎక్కడుంది అన్న సంగతికొస్తాను. దానికి నాకు దొరికిన అన్నిటికన్నా మంచి ఉదాహరణ ఇంగ్లీషు పుస్తకంలోది కాదు. సంస్కృతంలో దండి రాసిన దశకుమార చరిత్ర ఉంది కదా, పదమూడో శతాబ్దంలో కేతన దాన్ని తెలుగు చేసి తిక్కనకి అంకితమిచ్చాడు. అందులో రాజవాహనుడు అవంతిసుందరిని ప్రేమిస్తాడు. పెళ్ళి జరిగే దారి లేదు. విద్యేశ్వరుడనే ఐంద్రజాలికుడు సాయానికొస్తాడు. ఉజ్జయినిలో రాజు ముందు ఆట మొదలుపెడతాడు. వాద్యాలు మోగుతుంటే నెమలిపింఛం తిప్పుతాడు. పడగలెత్తిన పాములొస్తాయి, సభలో వాళ్ళు హడలిపోతారు. గద్దలొచ్చి పాముల్ని ఎత్తుకుపోతాయి. నరసింహస్వామి హిరణ్యకశిపుణ్ణి చీల్చడం చూపిస్తాడు. అప్పుడంటాడు, ఆట చివర శుభకార్యం చూడాలి మహారాజా, అచ్చం మీ అమ్మాయిలాంటి అమ్మాయికి ఒక రాజకుమారుడితో పెళ్ళి చేసి చూపిస్తాను అని. రాజు సరేనంటాడు. అగ్నిసాక్షిగా పెళ్ళి జరిగిపోతుంది. "మాయా మనుషులందరూ వెళ్ళిపోండి" అని విద్యేశ్వరుడు కేకేస్తాడు, అందరూ మాయమవుతారు. రాజవాహనుడు నిజం పెళ్ళికొడుకులా అంతఃపురంలోకి నడుచుకుంటూ వెళ్ళిపోతాడు. రాజు ఆట బాగుందని బహుమతులిచ్చి పంపిస్తాడు.

మేము అబద్ధాన్ని నిజంలా చూపించడానికి చచ్చీచెడీ సాధన చేస్తాం. ఆయన నిజాన్ని అబద్ధంలా చూపించాడు. ఏం చేశాడు? పెళ్ళిలో ఏ ట్రిక్కూ లేదు. ముందు పాములూ గద్దలూ చూపించి, ఇక్కడ కనబడేదంతా మాయే అనే కథ రాజు బుర్రలో కూర్చోబెట్టాడు. మిగతా పని రాజు బుర్రే చేసింది. ఖరీదంతా అక్కడుంది, చూసేవాడు తనకి తాను చెప్పుకునే కథలో.

ఇండియన్ రోప్ ట్రిక్ పేరు వినే ఉంటారు. గారడీవాడు తాడు పైకి విసురుతాడు, అది నిటారుగా నిలబడుతుంది, పిల్లాడు ఎక్కి మాయమవుతాడు. ప్రపంచమంతా మన దేశం పేరు చెబితే ఇదే. దీనికి ఇంత పేరు రావడానికి కారణం 1890లో షికాగో ట్రిబ్యూన్‌లో పడిన ఒక కథనం. ఇద్దరు అమెరికా కుర్రాళ్ళు ఇండియాలో చూశారని, ఒకడు బొమ్మ గీస్తే బొమ్మలో పిల్లాడున్నాడని, ఇంకొకడు ఫోటో తీస్తే ఫోటోలో ఏమీ లేదని, అంటే జనాన్ని హిప్నటైజ్ చేశాడని. రాసినవాడి పేరు ఫ్రెడ్ ఎస్. ఎల్మోర్ అని వేశారు. ఎస్‌నీ ఎల్మోర్‌నీ కలిపి చదవండి, సెల్ మోర్, ఎక్కువ అమ్మండి అని! కొన్ని నెలలకి అది కల్పితమని పత్రికే ఒప్పుకుంది. ఎవరు వింటారు? నేను స్వయంగా చూశానని చెప్పేవాళ్ళు ఆ తర్వాత ఎంతమందో పుట్టుకొచ్చారు. 1996లో ఇద్దరు పరిశోధకులు, రిచర్డ్ వైజ్‌మన్, పీటర్ లామాంట్, చూశామన్నవాళ్ళ సాక్ష్యాలన్నీ పోగేసి లెక్క తేల్చారు. చూసిన రోజుకీ చెప్పిన రోజుకీ మధ్య ఎన్నేళ్ళు ఎక్కువైతే, కథలో అద్భుతం అంత ఎక్కువ. మొదట పిల్లాడు వెదురుగడ ఎక్కి ఉంటాడు. ఇరవై ఏళ్ళు గడిచాక గడ తాడయింది, పిల్లాడు మబ్బుల్లో కలిసిపోయాడు. అబద్ధాలాడారని కాదు. మన ఇళ్ళల్లో తాతల కథలు పెరిగినట్టే పెరిగింది.

బెంగాలు మెజీషియన్ పి.సి. సర్కార్ గారిది ఇంకోటి. 1956 ఏప్రిల్ 9, లండన్‌లో బీబీసీ పనోరమా కార్యక్రమం. పదిహేడేళ్ళ అమ్మాయిని బల్లమీద పడుకోబెట్టి తిరిగే రంపంతో నడుముకి అడ్డంగా కోశారు. కోశాక ఆవిడ చేతులు తట్టి లేపబోయారు. ఆవిడ లేవలేదు. సర్కార్ గారు తల అడ్డంగా ఊపి, ముఖం మీద నల్లగుడ్డ కప్పారు. సరిగ్గా అప్పుడు కార్యక్రమం నడిపే రిచర్డ్ డింబుల్‌బీ ముందుకొచ్చి కార్యక్రమం సమాప్తం అన్నాడు. టీవీ చూస్తున్న జనం అమ్మాయి చచ్చిపోయిందనుకుని బీబీసీకి ఫోన్లు, ఫోన్లు. ఆ తర్వాత డ్యూక్ ఆఫ్ యార్క్స్ థియేటర్లో ఆయన షోలకి టిక్కెట్లు దొరకలేదు. టైము చాలకే అలా అయిందన్నారు, కావాలనే అంతసేపు లాగారన్నవాళ్ళూ ఉన్నారు. నా అనుమానం రెండోదే. ఆయన ఒక్క మాట కూడా అబద్ధమాడలేదు చూడండి, తల ఊపారంతే.

సరే, మెంటలిజం. మనసులో మాట చెప్పే విద్య. దీనికి నా మొదటి భాగస్వామి మా చెల్లెలు. దానికి తొమ్మిదేళ్ళు, నాకు పద్నాలుగు. తిరునాళ్ళ గారడీలో చూసే ఉంటారు పెద్దవాళ్ళు: పిల్లాణ్ణి పడుకోబెట్టి నిలువునా దుప్పటి కప్పుతారు, గారడీ ఆయన జనంలో తిరుగుతూ, "అబ్బీ, ఈ బాబుగారి చేతిలో ఏముంది?" అంటే దుప్పటి కిందనుంచి "గడియారం" అంటాడు. అది మాటల కోడ్ అని నాకు ఎవరో చెప్పారు. నేనూ చెల్లెలూ కూర్చుని మా కోడ్ తయారుచేశాం. "ఇదేంటి చెప్పు" అంటే పెన్ను. "చెప్పు, ఇదేంటి" అంటే గడియారం. "ఊఁ, ఇదేంటి" అంటే కళ్ళజోడు. "తొందరగా చెప్పు" అంటే ఉంగరం. "జాగ్రత్తగా చెప్పు" అంటే డబ్బులు. ఐదే ఐదు. పల్లెటూళ్ళో మనుషుల దగ్గర ఇంతకన్నా ఏముంటాయని.

మా పిన్ని పెళ్ళిలో, భోజనాలయ్యాక, అందరూ చాపల మీద వాలి ఉన్నప్పుడు మొదలుపెట్టాం. పెన్ను చెప్పింది, గడియారం చెప్పింది. మా అత్తయ్యలందరూ "అమ్మో, అమ్మో" అంటున్నారు. ఇంతలో పెళ్ళికొడుకు తరఫు తాతగారొకాయన బొడ్డులోంచి అడకత్తెర తీసి నా చేతిలో పెట్టాడు. అడకత్తెరకి మా దగ్గర కోడ్ లేదు. నాకు చెమటలు పట్టాయి. "ఊఁ... ఊఁ... ఇదేంటి" అన్నాను. దుప్పటి కిందనుంచి మా చెల్లెలు కాసేపాలోచించి, గట్టిగా, "రెండు కళ్ళజోళ్ళు!" అంది. (నవ్వులు)

ఇప్పటికీ ఏ ఫంక్షన్లో కలిసినా మా ఇద్దర్నీ రెండు కళ్ళజోళ్ళు అనే పిలుస్తారు. ఆ తర్వాత ఎప్పుడో చదివాను, ఇదే ఐటమ్‌ని రాబర్ట్ హూడిన్ 1846లో పారిస్‌లో తన కొడుకు ఎమీల్‌తో చేశాడని. వాళ్ళిద్దరి సాధన చూడండి. బొమ్మల దుకాణం ముందు నుంచి నడుచుకుంటూ పోతూ, ఆగకుండా ఒక్క చూపు చూసి, దాటాక కాగితం మీద ఎన్ని వస్తువులు గుర్తున్నాయో రాసేవారు. పిల్లాడు నలభై దాకా రాసేవాడట, తండ్రి ముప్పై దగ్గర ఆగిపోయేవాడట. 1906లో లండన్‌ని ఊపేసిన జాన్సిగ్ దంపతులు, జూలియస్, ఆగ్నెస్, ఇంకా పైస్థాయి. వాళ్ళవి నిజంగా కలిసిన మనసులేనని షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త కోనన్ డాయిల్ నమ్మాడు. అంత తెలివైన డిటెక్టివ్‌ని పుట్టించినాయన! తర్వాత జూలియస్ తనే అదంతా కోడ్ అని రాసి పెట్టాడు. వాళ్ళకి అడకత్తెరలాంటి వస్తువు ఎదురైతే అక్షరం అక్షరంగా అందించే ఏర్పాటు కూడా ఉండేది. మాకు లేనిది అదే.

ఇప్పుడు మీరే ఒకటి చెయ్యండి. రండమ్మా, మూడో వరసలో మీరే. మీ ఉంగరానికి ఈ దారం కట్టి, మోచెయ్యి బల్లకి ఆనించకుండా, కొసన పట్టుకుని వేలాడదీయండి. చెయ్యి కదపొద్దు. కదపకుండా, ముందుకీ వెనక్కీ ఊగుతోందని మనసులో అనుకోండి. అనుకుంటూనే ఉండండి... కనబడుతోందా అందరికీ? ఊగుతోంది. ఇప్పుడు గుండ్రంగా తిరుగుతోందని అనుకోండి... మీరు కదుపుతున్నారా? లేదంటున్నారు. నేను నమ్ముతాను, నిజంగానే ఆవిడ కావాలని కదపడం లేదు. 1833లో ఫ్రాన్సులో షెవ్రెల్ అనే రసాయన శాస్త్రవేత్త దీని సంగతి తేల్చాడు. కళ్ళకి గంతలు కడితే ఊగడం ఆగిపోతుందని చూశాడు. అనుకున్నదాన్ని కండరాలు మనకి చెప్పకుండా కొంచెం చేసేస్తాయి. 1852లో ఇంగ్లండ్‌లో కార్పెంటర్ అనే వైద్యుడు దీనికి ఐడియోమోటర్ అని పేరుపెట్టాడు. మన దగ్గర బోరు పాయింటు పెట్టడానికి అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా తిరుగుతారు చూడండి, నీళ్ళున్నచోట కాయ నిలబడుతుందని. ఆయన దొంగ కాదండీ. కాయ నిజంగానే ఆయన చేతిలో లేస్తుంది. లేపింది తన చెయ్యేనని ఆయనకి తెలియదు, అంతే. కింద నీళ్ళున్నాయా లేదా అన్నది వేరే సంగతి, దానికి నాలుగైదు బోర్లు ఫెయిలైన రైతుని అడగాలి.

దీన్నే స్టేజికి ఎక్కిస్తే మజిల్ రీడింగ్. 1880ల్లో వాషింగ్టన్ ఇర్వింగ్ బిషప్, స్టువర్ట్ కంబర్లాండ్ అనే ఇద్దరు ప్రదర్శకులు దీనితో దేశాలు తిరిగారు. నేను బయటికి వెళ్తాను, మీరు హాల్లో ఎక్కడో ఉంగరం దాస్తారు. నేను లోపలికొచ్చి దాచినాయన మణికట్టు పట్టుకుని, ఎటు వెళ్ళాలో మనసులోనే చెప్పండి అంటాను. తప్పు దారిలో అడుగేస్తే ఆ చెయ్యి కొంచెం బరువెక్కుతుంది. సరైన దారిలో తేలికవుతుంది. దగ్గరికొచ్చేసరికి దాదాపు ఆయనే నన్ను లాక్కెళ్తాడు. బెర్లిన్‌లో లెక్కలు చేసే గుర్రం ఒకటుండేది, హాన్స్ అని, కూడిక అడిగితే గిట్టతో కొట్టి చెప్పేది. 1907లో ఫంగ్‌స్ట్ అనే సైకాలజిస్టు పరీక్ష చేస్తే, అడిగేవాడికి జవాబు తెలియకపోతే గుర్రానికీ తెలియడం లేదు. సరైన అంకె రాగానే అడిగేవాడి తల వెంట్రుకవాసి లేస్తే అది చూసి ఆపేది. నేనూ ఆ గుర్రం బాపతే.

మనిషి స్వభావం చెప్పడం ఇంకా సులువు. "పైకి గట్టిగా కనిపిస్తారు గానీ లోపల చిన్న మాటకే నొచ్చుకుంటారు. నలుగురికీ సాయం చేస్తారు, మీకు పనిపడితే ఒక్కరూ రారు." తలలు ఊపుతున్నారు చూడండి! 1948లో ఫోరర్ అనే సైకాలజిస్టు తన 39 మంది విద్యార్థులకి పరీక్ష పెట్టి, ఇదిగో నీ ఒక్కడి స్వభావం అని అందరికీ ఒకే కాగితం ఇచ్చాడు. జాతకాల పుస్తకంలోంచి ఎత్తి రాసింది. ఎంత సరిపోయిందో 5కి మార్కులేయమంటే సగటు 4.26 వచ్చింది. మన సోదెమ్మ ఫోరర్‌ని చదవలేదు. ఒక వాక్యం వదిలి, "ఔనా తల్లీ" అని ముఖంలోకి చూసి, తర్వాతి వాక్యం అటో ఇటో తిప్పుకుంటుంది. ముఖం చదవడంలో ఆవిడ ముందు నేను ఒకటో తరగతి.

ఇక్కడ ఒకటి చెప్పాలి. చెప్పాలా వద్దా అనుకున్నాను, పిల్లలున్నారు కాబట్టి చెబుతాను.

చాలా ఏళ్ళ కిందట, ఒక పల్లెలో వినాయకచవితి పందిరి. అప్పట్లో నా షో పేరు మనోనేత్రం. నల్లకోటు, బొట్టు, వెనక వీణ క్యాసెట్టు. చిన్నప్పుడు జ్వరమొచ్చి మూడురోజులు స్పృహ లేదనీ, లేచాక ఈ శక్తి వచ్చిందనీ మొదట్లోనే చెప్పేవాణ్ణి. అంతా కల్పితం. జ్వరం కూడా. ఆ రాత్రి ప్రెసిడెంటు గారి ఉంగరం గడ్డివాములో దాస్తే తీసిచ్చాను. ఊరు ఊరంతా ఈలలు. నాకు అంత బాగా పేలిన షో అదే.

పొద్దున్నే బస్సు కోసం బయల్దేరుతుంటే, పక్క ఊరి నుంచి ఒక ముసలమ్మ నడుచుకుంటూ వచ్చింది. చంకలో గుడ్డసంచి. అందులోంచి ఒక మగవాళ్ళ చొక్కా తీసింది, ఉతికి మడతపెట్టింది. "మా వోడిది బాబూ. పనికని పోయి మూడేళ్ళయింది. ఉత్తరం లేదు. పట్టుకు చూడు" అని నా చేతిలో పెట్టింది.

ఇది ఆట అవ్వా అన్నాను. నాకేమీ కనబడదు, చెయ్యి పట్టుకుని కనిపెట్టే కిటుకు అన్నాను. ఆవిడ నా ముఖంలోకే చూస్తోంది. "కనబడింది, చెప్పకూడదంటున్నావు కదూ" అంది. దారం, ఉంగరం తీసి చేసి చూపించాను. ఆవిడ చూసింది, తల ఊపింది, మళ్ళీ అదే మాట. కాదన్నకొద్దీ ఆవిడ ముఖం పాలిపోతోంది. చొక్కాలో ఇరవై రూపాయల నోటు పెట్టి ఉంది. అది తిరిగిస్తే, డబ్బులు కూడా తీసుకోవడం లేదంటే కబురు అంత చెడ్డదన్నమాట అనుకుంది. నేను చెప్పిన నిజమంతా ఆవిడకి అబద్ధంలా వినబడుతోంది. ముందురోజు రాత్రి నేను చెప్పిన జ్వరం కథ మాత్రం నిజం. విద్యేశ్వరుడు రాజుకి చేసింది నేను ఈ ముసలమ్మకి చేశాను. ఆయన పెళ్ళి చేశాడు. నేను చేసింది మీకు తెలుసు. చొక్కా మడతపెట్టుకుని వెళ్ళిపోయింది. బస్సెక్కాక మజిలీ మజిలీకీ దిగి వెనక్కి వెళ్దామనుకున్నాను, వెళ్ళలేదు. ఆ కొడుకు వచ్చాడో లేదో నాకు తెలియదు.

ఆ తర్వాత రెండేళ్ళు మెంటలిజం ముట్టుకోలేదు. బిళ్ళలు, పేకలు, రుమాళ్ళు. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు జ్వరం కథ తీసేశాను. వీణ క్యాసెట్టు తీసేశాను, బొట్టు మాత్రం ఉంది, అది మా ఇంటి అలవాటు. ఉంగరం వెతికే ముందు దారం ఐటమ్ జనం చేతే చేయిస్తాను, ఇందాక ఆవిడ చేత చేయించినట్టే. మజా తగ్గుతుందని మిత్రులన్నారు. కొంత తగ్గింది. చప్పట్లు పది పదిహేను సెకన్లు తగ్గాయి.

కొత్త కుర్రాళ్ళు నాతో వాదిస్తారు. మేము శక్తి అనం సార్, బాడీ లాంగ్వేజ్ అంటాం, సైకాలజీ అంటాం, అది సైంటిఫిక్ కదా అని. కనుపాప కదలిక చూసి మీ ఫోన్ పిన్ నంబరు చెబుతున్నానంటాడు. అసలు నంబరు వాడికి ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు, వాడికీ తెలుసు. కనుపాపలోంచి మాత్రం కాదు. అదీ జ్వరం కథే, కోటు మారింది. రేపు ఎవరో ఒకావిడ భర్త కళ్ళు చూసి అబద్ధమాడుతున్నాడో లేదో చెప్పమని వాడి దగ్గరికి వస్తుంది. వాడేం చెబుతాడు?

మనవైపు దీనికి ఇంకో వైపు నుంచి పనిచేసినవాళ్ళున్నారు. విజయవాడలో గోరా గారి నాస్తిక కేంద్రం వాళ్ళు నిప్పుల మీద నడిచి చూపించారు, ఏ మంత్రమూ లేకుండా. జనవిజ్ఞాన వేదిక వాళ్ళు ఊరూరా తిరిగి పర్మాంగనేటు మీద గ్లిజరిన్ పోసి అగ్గిపుల్ల లేకుండా మంట పుట్టించి, ఇదీ దీని కిటుకు అని అక్కడికక్కడే చెబుతారు. పిల్లలూ, అది ఇంట్లో చెయ్యకండి, చెయ్యి కాలుతుంది. వాళ్ళతో నాకు ఒక్క చిన్న తగువుంది. గుట్టు విప్పి చెబితే జనం మారిపోతారనుకుంటారు. ముసలమ్మకి నేను గుట్టు విప్పే చెప్పాను కదా. హైదరాబాదులో బి.వి. పట్టాభిరామ్ గారు, 2025లో పోయారు, మేజిక్‌తో మొదలుపెట్టి హిప్నాటిజం, సైకాలజీ మీదుగా కౌన్సెలింగ్‌లోకి వెళ్ళారు. ఇందుకేనేమో అని నాకు అనిపిస్తుంది. చొక్కా పట్టుకుని వచ్చే మనిషితో కూర్చుని మాట్లాడటం కూడా వచ్చుండాలి. నాకు ఆ రోజు రాలేదు.

ఫెయిలైతే ఏం చెయ్యాలని చీటీ రాశారెవరో. ఏముంది, నవ్వండి, రెండోది మొదలుపెట్టండి. ఏం జరగబోతోందో ముందే చెప్పకండి. చెప్పకపోతే ఫెయిలైనట్టు మీ ఒక్కరికే తెలుస్తుంది. పేకముక్క తప్పు చెబితే, మెజీషియన్ పరువు పోతుందని మీరు అనుకుంటారు. జనం మాత్రం ఇంకేదో రాబోతోందని చూస్తారు. స్టేజి టెన్షన్ ఇప్పటికీ ఉంటుంది. చేతులు వణికితే బిళ్ళ ఐటమ్‌తో మొదలుపెట్టొద్దు, పెద్ద వస్తువుతో, తాడుతోనో రుమాలుతోనో మొదలుపెట్టండి. ఎక్కడ నేర్చుకోవాలని ఇంకో చీటీ. కేరళలో తిరువనంతపురంలో గోపీనాథ్ ముతుకాడ్ గారు 1996లో మేజిక్ అకాడమీ పెట్టారు. అంత దూరం ఎందుకు, ఇక్కడే రెండో ఆదివారం నేనొస్తాను. ఐదు ఐటమ్‌లు చాలు. యాభై ఐటమ్‌లు తెలిసినవాణ్ణి నేను ఎవర్నీ పెద్ద మెజీషియన్‌గా చూడలేదు.

టీ వచ్చింది. ఒక్క నిమిషం. వెనక కూర్చున్న మాస్టారూ, ఇందాకట్నుంచీ శ్రద్ధగా వింటున్నారు. మొదట్లో బిళ్ళతో నేనేం చేశానో, కిటుకు వద్దు, మీరు చూసింది చూసినట్టు చెప్పండి.

(మాస్టారు లేచి: "ఆ బాబు దగ్గర బిళ్ళ తీసుకున్నారు. ఊదారు. బాబు చేతిలో పెట్టి గుప్పెట మూయించారు. తెరిస్తే లేదు. వాడి కాలరు వెనకనుంచి తీశారు.")

బాబూ, నీ చేతిలో పెట్టానా?

("లేదండీ. మీ కాలరు.")

(మరో ఇద్దరు: "పెట్టారండీ, మేమూ చూశాం!" సభలో కాసేపు గొడవ.)

ఇదిగో నాన్నా, నీ పది రూపాయలు.